పడవ కారూ, పుంగనూరు ఆవూ

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే పుంగనూరు నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు, మా చిన్నాయన కొడుకు. మామూలుగా వాడు ఫోన్ చేస్తే వానలు, టమోటా రేటు, చిన్నమ్మ మోకాళ్ళ నొప్పి, ఈ వరసలో నడుస్తుంది మాట. ఈసారి నేరుగా విషయానికొచ్చేశాడు.

"అన్నా, షెడ్డులో ఉండే నాయన కారు బయటికి తీస్తా ఉండా. బెంగళూరులో పాత అంబాసిడర్లకు పెండ్లిండ్లలో ఏం గిరాకీ ఉండాదో తెలుసునా? పెండ్లికొడుకును దాంట్లో కూచోబెట్టి ఊరేగించేదానికి ఒక పూట బాడుగ ఎంతో వింటే నువ్వు ఉద్యోగం మానేసి వచ్చేస్తావు. మూడు లక్షలు సర్దితే ఇంజను, పెయింటు, సీట్లు అన్నీ చేయించేస్తా."

నేను ఔననలేదు, కాదనలేదు. "వారం టైమియ్యి" అన్నాను. సాఫ్ట్‌వేర్‌లో పాతికేళ్ళు చేశాక ఎవరేమడిగినా ముందు వారం టైము అడగడం అలవాటైపోయింది. కానీ ఈసారి అడిగింది అందుక్కాదు. ఆ షెడ్డు పేరెత్తితే నాకు రెండు విషయాలు ఒకేసారి గుర్తొస్తాయి, ఆ రెండూ ఒకదానికొకటి పొసగవు. ఆ వారమంతా ఆఫీసు పని పక్కనబెట్టి పాత పెద్ద కార్ల గురించి దొరికిందల్లా చదివాను. ఇది ఆ వారం తాలూకు లెక్క.

ముందు పడవ సంగతి. పెద్ద విదేశీ కారు కనిపిస్తే మనవాళ్ళు "పడవలాంటి కారు" అంటారు. నవలల్లో ఆరడుగుల హీరో దిగేది పడవలాంటి కారులోంచే. పాత సినిమాల్లో జమీందారు గారి పోర్టికోలో ఆగేదీ అదే. మదనపల్లె, పుంగనూరు వైపు జనం నిజం పడవ చూసింది తక్కువ, మా చెరువులు నిండేదే ఎప్పుడో ఒకసారి. అయినా ఆ మాట మాత్రం మా ఇళ్ళల్లో కూడా పాతుకుపోయింది. అమెరికాలో కూడా వాటిని "ల్యాండ్ యాట్" అంటారని, అంటే నేలమీద నడిచే పడవ అని, చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఎవరి మాట ఎవరూ అనువాదం చేసుకుని ఉండరు. ఆ కార్లో కూర్చున్న ఎవరికైనా అదే తోస్తుంది, అంతే.

అసలు అమెరికావాడి "ఫుల్ సైజు" అంటే ఎంత? 1965 నాటి షెవ్రొలే ఇంపాలా తీసుకోండి. పొడవు 5.4 మీటర్లు, వెడల్పు దాదాపు 2 మీటర్లు. పక్కన మన మారుతి 800 పెడితే అది 3.3 మీటర్లు. ఇంపాలా కొనేవాడు రాజో జమీందారో కూడా కాదు. ఆ ఒక్క 1965 మోడలే పది లక్షల పైన అమ్ముడుపోయింది. అక్కడ స్కూలు మాస్టారు, ఫ్యాక్టరీ ఫోర్‌మన్ కొనే కారు అది. ఇక్కడ "ఇంపాలా" అంటే సినిమా నిర్మాతల మాట. ఒకే బండి సముద్రం దాటేసరికి కులం మార్చుకుంది.

దాని నిర్మాణం లారీకి అన్నదమ్ముడు. కింద ఉక్కు చట్రం, దాని మీద విడిగా బిగించిన బాడీ. ముందు ఎనిమిది సిలిండర్ల వీ-8 ఇంజను, నడిపేది వెనక చక్రాలు. ముందూ వెనకా సోఫాల్లాంటి బెంచి సీట్లు, గేరు రాడ్డు స్టీరింగు పక్కన. అది అడ్డం రాదు కాబట్టి ముందు సీట్లోనే ముగ్గురు దర్జాగా కూర్చోవచ్చు. ఇంజను పెద్దది కాబట్టి ఎంత బరువైనా అరవకుండా లాగేస్తుంది. స్ప్రింగులు మెత్తన కాబట్టి గుంతలు తెలియవు. మూల తిరిగినప్పుడు మాత్రం ముందు కారు తిరుగుతుంది, కాసేపటికి మీ కడుపు తిరుగుతుంది.

ఇక మా వైపుకొస్తే అమెరికా వాసన మాకు కొత్తది కాదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళం వీసాల కోసం క్యూలు కట్టడానికి నూట నలభై ఏళ్ళ ముందే అమెరికా మిషనరీలు మా దగ్గరికొచ్చారు. మదనపల్లె, పలమనేరు, పుంగనూరు ఈ మూడూ అమెరికా రిఫార్మ్డ్ చర్చి వాళ్ళ ఆర్కాట్ మిషన్ కిందివే. మదనపల్లెలో జాకబ్ చాంబర్లిన్ అనే ఆయన తెలుగు నేర్చుకుని 1860ల నుంచీ ఉన్నాడు. అదే మిషన్ మనిషి వేలూరులో ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడర్. వారం వారం రోడ్డు పక్కన చెట్ల కింద వైద్యం చేస్తూ తిరిగే ఆమెకి 1909లో మొదటి కారు వచ్చింది. అమెరికా మనిషి కదా, ఫోర్డు అనుకుంటాం. కాదు, ఒక సిలిండరున్న ఫ్రెంచి ప్యూజో. ఈ ప్యూజో పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత మాత్రం మన రోడ్ల మీద అమెరికా బళ్ళదే పైచెయ్యి. దీనికి కారణం చాలా తమాషాగా ఉంటుంది. ఇంగ్లండులో కారు మీద పన్ను సిలిండరు వెడల్పుని బట్టి వేసేవాళ్ళు. దాంతో అక్కడి కంపెనీలు పన్ను తప్పించుకోవడానికి సన్నటి సిలిండర్లతో చిన్న ఇంజన్లు చేసుకున్నాయి. అవి ఇంగ్లండు నున్నటి రోడ్లకి సరిపోయాయి. అమెరికాలో పెట్రోలు చవక, ఊళ్ళు దూరం, పల్లె రోడ్లు మన రోడ్లంత అధ్వానం. అందుకని వాళ్ళు పెద్ద ఇంజను, ఎత్తైన చక్రాలు, గట్టి చట్రం పెట్టారు. మన గుంతల దారుల్లోకి వచ్చేసరికి పాలకుడి కారు చతికిలబడింది, పరాయివాడి కారు పరిగెత్తింది. ఫోర్డు 1926లో, జనరల్ మోటార్స్ 1928లో ఇండియాలో కార్లు బిగించే దుకాణం తెరిచాయి. మనకి కావాల్సిన కుడివైపు స్టీరింగు ఫోర్డులు కెనడా కంపెనీ ద్వారా వచ్చేవి, బ్రిటిషు సామ్రాజ్యంలో సుంకం రాయితీ దొరుకుతుందని. పన్ను లెక్కలు చూసుకుని డిజైను, సుంకం లెక్కలు చూసుకుని ఫ్యాక్టరీ. ఆఫ్‌షోరింగ్ మనమే కనిపెట్టామనుకుంటాం.

కార్లొక్కటే కాదు. పల్లెలకి మొదట వెళ్ళిన ప్రైవేటు సర్వీసు బస్సుల్లో చాలావాటికి ఫోర్డు, షెవ్రొలే, డాడ్జి లారీ చట్రాలే ఆధారం. దాని మీద ఇక్కడి వడ్రంగి చెక్క బాడీ కట్టేవాడు. రెండో యుద్ధంలో పెట్రోలు దొరక్క వాటికే వెనకాల బొగ్గు పొయ్యి తగిలించి నడిపారు. మా తాత బొగ్గు బస్సు ఎక్కిన కథ చెప్తూ, ఎత్తు వస్తే జనం దిగి తోసేవాళ్ళని నవ్వేవాడు. అన్నట్టు, 1982-83లో ఎన్టీఆర్ రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం కూడా మార్పులు చేయించిన పాత షెవ్రొలే వ్యానే. తెలుగువాడి ఆత్మగౌరవాన్ని మోసింది అమెరికా చట్రం. (ఎవరూ కొట్లాటకి రాకండి, నాకూ అదంటే అభిమానమే.)

మరి ఇన్ని బళ్ళూ ఏమైపోయాయి? ప్రభుత్వం 1953లో టారిఫ్ కమిషన్ మాట విని ఒక షరతు పెట్టింది. బయటి నుంచి విడిభాగాలు తెచ్చి ఇక్కడ బోల్టులు బిగిస్తే చాలదు, మెల్లమెల్లగా ఇక్కడే తయారు చేసే పథకం ఉండాలి, లేకపోతే మూసుకోండి అని. జనరల్ మోటార్స్, ఫోర్డు మూసుకున్నాయి. వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన ప్రీమియర్ వాళ్ళు డాడ్జి, ప్లిమత్, డిసోటో పేర్లతో క్రైస్లర్ కార్లు కొన్నాళ్ళు చేశారు గానీ తర్వాత వాళ్ళూ ఫియట్ వైపు మళ్ళారు. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ ఇంగ్లండు నుంచి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 డిజైను తెచ్చుకుని 1957-58లో అంబాసిడర్ మొదలుపెట్టింది. 1957 నాటికి విదేశీ మారకం కూడా అడుగంటింది, కొత్త కార్ల దిగుమతి దాదాపు ఆగిపోయింది. ఆ తర్వాత ఇక్కడ కనిపించిన ఇంపాలాలు ఎక్కువగా రాయబార కార్యాలయాల వాళ్ళు వాడి వదిలేస్తే స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ టెండరులో అమ్మినవి. కొన్నవాడికి మొదటి నెల గొప్పగా ఉండేది. లీటరుకి నాలుగైదు కిలోమీటర్లు అని తెలిశాక వీ-8 ఇంజను పీకేసి డీజిలు ఇంజను బిగించుకునేవాళ్ళు. పులికి గడ్డి అలవాటు చేసినట్టు.

ఇక్కడ ఒక మాట. ఇంగ్లండులో ఆ మోరిస్ సిరీస్ 3 మూడేళ్ళు మాత్రమే బతికింది, 1956 నుంచి 1959 వరకు. మన దగ్గర 2014 మే దాకా బతికింది. అమెరికా లెక్కలో అంబాసిడర్ చిన్న కారు. పొడవు 4.3 మీటర్లు, ఇంజను 1.5 లీటర్లు. కానీ బెంచి సీట్లు, స్టీరింగు పక్కన గేరు, ఎత్తైన కప్పు, ఎక్కడ ఆగినా పల్లెటూరి మెకానిక్ సుత్తితో బాగుచెయ్యగలగడం ఇవన్నీ కలిపి అదే మన ఫుల్ సైజు కారైంది. పోటీ రానివ్వని లైసెన్సులు దాన్ని కాపాడాయి. అంతకాలం బతికింది కాబట్టి అది గొప్పదని మనం అనుకున్నాం. మీ ఆఫీసుల్లో 1980ల కోబాల్ ప్రోగ్రాం ఇంకా నడుస్తుంటే దాన్ని చూసి "ఆ రోజుల్లో ఎంత గట్టిగా రాశార్రా" అంటారు చూడండి, అట్లా. దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేక నడుస్తుందన్నది వేరే విషయం.

అయితే గొప్పదనం అసలు లేదా అంటే, ఉంది. చిన్నాయనది 1974 మోడల్ మార్క్ 2. 1981లో సెకండ్ హ్యాండులో కొని పుంగనూరులో బాడుగకు తిప్పేవాడు. 1984లో కుప్పంలో మా మేనమామ పెళ్ళికి మదనపల్లె నుంచి అందులోనే పోయాం. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. ముందు చిన్నాయనతో కలిపి నలుగురు, వెనక ఐదుగురు పెద్దవాళ్ళు, వాళ్ళ ఒళ్ళో ముగ్గురు పిల్లలం. డిక్కీలో అరిసెల డబ్బాలు, పైన క్యారియర్ మీద మంచం. పలమనేరు దాటాక బానెట్ ఎత్తి, చెంబుతో రేడియేటర్లో నీళ్ళు పోసి, దాని వేడికి చెయ్యి విదిలించుకుంటూ చిన్నాయన నవ్విన నవ్వు నాకింకా గుర్తే. "ఎద్దులకి నీళ్ళు పెట్టినట్లేరా నాయనా ఇది కూడా" అన్నాడు. వేలూరు ఆసుపత్రికి పోవాల్సిన వాళ్ళని వెనక సీట్లో నిండుగా పడుకోబెట్టి తీసుకుపోయేవాడు. కాళ్ళు ముడుచుకోకుండా పడుకోవచ్చు అన్న ఒక్క కారణంతో ఎంతోమంది చిన్నాయన కారే కావాలనేవాళ్ళు. అంబులెన్సు లేని తాలూకాలో ఆ సీటు వెడల్పు చిన్న విషయం కాదు.

ఇది మొదటి జ్ఞాపకం. రెండోది 1988 డిసెంబరుది.

ఆ రోజు చిన్నాయన సొంత కారు తియ్యలేదు. మదనపల్లెలో ఒక ఆసామి దగ్గర పాతకాలం పెద్ద కారొకటి ఉండేది. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. వాళ్ళ డ్రైవరు రాలేదని చిన్నాయనని అడిగారు. వాళ్ళ ముసలాయన్ని వేలూరులో దింపి, రాత్రికి ఒక్కడే ఖాళీ కారుతో వెనక్కి వస్తున్నాడు. మొగిలి ఘాట్‌లో మలుపు తిరిగాక లారీ ఒకటి చెడిపోయి రోడ్డు మీదే నిలబడి ఉంది. వెనక లైట్లు లేవు, రాళ్ళు పెట్టలేదు, కనీసం చెట్టు కొమ్మ కూడా వెయ్యలేదు.

కారు ముందర బంపరు వంగింది, రేడియేటరు పగిలింది, ఒక లైటు పోయింది. అంతే. స్టీరింగు రాడ్డు సూటిగా ఉక్కు కడ్డీలా ఉన్నది ఉన్నట్టే ఉంది. అది చిన్నాయన ఛాతీకి కొట్టుకుంది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. పరామర్శకి వచ్చినవాళ్ళలో సగంమంది "కారు గట్టిది కాబట్టి ఈమాత్రమన్నా ఆగినాడు, లేకుంటే అక్కడికక్కడే" అన్నారు. మా నాయన కూడా తలూపాడు. పదో తరగతి చదివే నేనూ నమ్మాను. ఆ కారు పదిహేను రోజుల్లో రిపేరయి మళ్ళీ రోడ్డెక్కింది. చిన్నాయన ఇంటికి రాలేదు. అప్పటికి మా తమ్ముడికి నాలుగేళ్ళు.

చిన్నమ్మ అంబాసిడర్ని అమ్మలేదు. డ్రైవరుని పెట్టి 2002 దాకా తిప్పింది, ఆ డబ్బుతోనే వాణ్ణి చదివించింది. ఆ తర్వాత అది షెడ్డెక్కింది.

కారు గట్టిదైతే మనిషి క్షేమం అన్న ఆ నమ్మకంతోనే నేను 1999లో డెట్రాయిట్‌లో దిగాను. వై2కె పుణ్యమా అని వచ్చిన మా గుంపులో అందరూ పాత కామ్రీలూ అకార్డులూ కొనుక్కుంటుంటే, నేను ఒక ముసలావిడ గరాజ్‌లోంచి 1989 నాటి పడవ కారు కొన్నాను. ఇదీ పేరు చెప్పను, అక్కడి మూడు పెద్ద కంపెనీల్లో ఒకదానిది. గాలన్ పెట్రోలు డాలరు లోపే ఉన్న రోజులవి. ఎంత తాగితే ఏంటనుకున్నా. మొదటిసారి హైవే ఎక్కినప్పుడు వచ్చిన ఆ నిశ్శబ్దం, తేలుతున్నట్టు పోవడం, చెప్తే అర్థం కాదు. కుప్పం పెళ్ళి ప్రయాణం గుర్తొచ్చి గొంతు పట్టేసింది. 2001లో డాట్‌కామ్ కుదేలయ్యాక మేం ఆరుగురం బ్యాచిలర్లం ఒకేసారి బెంచి మీదకొచ్చాం. పెట్రోలు డబ్బులు పంచుకోవడానికి ఆరుగురం అదే కార్లో ఇంటర్వ్యూలకి పోయేవాళ్ళం, ముందు ముగ్గురు, వెనక ముగ్గురు. బెంచి మీదున్నవాళ్ళు బెంచి మీద కూర్చోవడమంటే ఇదేనని రోజూ ఎవడో ఒకడు అనేవాడు, రోజూ నవ్వేవాళ్ళం. చలికాలం మాత్రం దాంతో నరకం. వెనక చక్రాల బండి కాబట్టి మంచులో తోక తిప్పేది, దానికి విరుగుడుగా డిక్కీలో ఇసుక మూటలు వేసుకుని తిరిగేవాణ్ణి. మా దేశీ కొట్లో ఇరవై పౌన్ల బియ్యం బస్తాలు నాలుగు కొన్న వారం ఇసుక అక్కర్లేదు :)

అక్కడ ఉండగానే తెలిసింది, ఆ కార్లకీ రోజులు ఎప్పుడో చెల్లిపోయాయని. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపాయి. బారెల్ 3 డాలర్ల నుంచి కొన్ని నెలల్లో దాదాపు 12కి పోయింది. 1975లో అమెరికా మైలేజీ చట్టం చేసింది, 1985కల్లా కంపెనీ కార్ల సగటు గాలన్‌కి 27.5 మైళ్ళు రావాలని. 1977లో జనరల్ మోటార్స్ తన పెద్ద కార్లని కోసి చిన్నవి చేసింది. అయితే ఆ చట్టంలో ఒక కిటికీ తెరిచి ఉంచారు. లారీ జాతి బళ్ళకి లెక్క వేరు, మెత్తన. ఇంకేం, పడవని నిలువుగా పెంచి దానికి ఎస్‌యూవీ అని పేరు పెట్టారు. షెవ్రొలే కప్రీస్ 1996లో ఆగింది, దాన్ని చేసిన టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ ఫ్యాక్టరీలో ఆ తర్వాత చేసినవి పెద్ద ఎస్‌యూవీలే. పోలీసుల, టాక్సీవాళ్ళ ప్రియమైన ఫోర్డు క్రౌన్ విక్టోరియా 2011 సెప్టెంబరులో, ఇంపాలా 2020లో వెళ్ళిపోయాయి. జనం పెద్ద కారు మీద మోజు వదులుకున్నారని అనుకోకండి. ఆకారం మారింది, ఆకలి అంతే ఉంది.

ఇప్పుడు అసలు చోటికొస్తాను. 2009 సెప్టెంబరులో అమెరికాలో ఇన్సూరెన్సు కంపెనీల రోడ్డు భద్రతా సంస్థ తన యాభై ఏళ్ళ పండక్కి ఒక పని చేసింది. 1959 షెవ్రొలే బెల్ ఎయిర్‌ని, 2009 షెవ్రొలే మాలిబుని గంటకి 64 కిలోమీటర్ల చొప్పున ఎదురెదురుగా గుద్దించింది. ఒకటి తాత, ఒకటి మనవడు. ఆ వీడియో లంచ్ టైములో ఆఫీసులో చూశాను. నేను తాత పక్షం. గుద్దుకున్నాక మాలిబు ముక్కు మొత్తం నుజ్జయింది, లోపలి బొమ్మ మనిషికి మోకాలో పాదమో దెబ్బ. బెల్ ఎయిర్లో కూర్చునే చోటే కుప్పకూలింది. స్టీరింగు వెనక్కి, పైకి తన్నుకొచ్చింది. ఆ బొమ్మ నిజంగా మనిషయితే చచ్చిపోయేవాడని తేల్చారు. దాన్ని ఎన్నిసార్లు మళ్ళీ చూశానో లెక్కలేదు. మధ్యాహ్నం మీటింగుకి పోలేదు.

మీలో చాలామందికి తెలిసిన ఫిజిక్సే ఇది, కానీ మదనపల్లె భాషలో చెప్తా. టమోటాలని ఇనప్పెట్టెలో వేసి పైనుంచి పడేస్తే పెట్టెకి ఏమీ కాదు. పెట్టె ఎంత గట్టిగా ఉంటే లోపల అంత రసం. అదే గడ్డి వేసిన బుట్ట అయితే బుట్ట సొట్టపోతుంది, కాయలు నిలుస్తాయి. కారు ముందుభాగం నలగాలి, ఆ నలిగే క్షణాల్లోనే మనిషి మెల్లగా ఆగాలి. మనిషి కూర్చునే గది మాత్రం నలగకూడదు. ఈ ఆలోచనకి బేలా బారెన్యి అనే మెర్సిడెస్ ఇంజనీరు 1950ల మొదట్లోనే పేటెంటు తీసుకున్నాడు, 1959లో కారులో పెట్టారు. అమెరికాలో రాల్ఫ్ నాడర్ 1965లో కార్ల కంపెనీల మీద పుస్తకం రాసి దుమ్మెత్తిపోశాక 1966లో భద్రతా చట్టం వచ్చింది. 1968 నుంచి అక్కడ అమ్మే కార్లలో గుద్దుకుంటే మడుచుకుపోయే స్టీరింగు రాడ్డు, సీటు బెల్టులు తప్పనిసరి. చిన్నాయన పోయింది 1988లో. ఇరవై ఏళ్ళు. మన దగ్గర కొత్త మోడళ్ళకి గుద్ది చూసే పరీక్ష తప్పనిసరి అయింది 2017 అక్టోబరులో. చుట్టూ గోడ కట్టుకుంటే పోటీ లోపలికి రాదు, నిజమే. దాంతోపాటు రానివి ఇంకా కొన్ని ఉంటాయి.

ఈ మాట అంటే మా ఊళ్ళో వెంటనే వచ్చే జవాబు అలిపిరి. 2003 అక్టోబరు 1న తిరుమలకి వెళ్తున్న చంద్రబాబు నాయుడు కాన్వాయ్ మీద నక్సలైట్లు క్లేమోర్ మైన్లు పేల్చారు. ఆయన ఉన్నది అంబాసిడర్‌లోనే, గాయాలతో బయటపడ్డాడు. 1989 నుంచి ఆయన్ని గెలిపిస్తున్న కుప్పంలో మా మేనమామ ఇప్పటికీ అంటాడు, "అంబాసిడర్ కాబట్టి బతికినాడు, ఇంగో కారయ్యింటే?" అని. మామా, అది బులెట్ ప్రూఫ్ చేసిన కారు. లోపల వేసిన కవచానిది ఆ పుణ్యం. మీ పెళ్ళికి మేమెక్కి వచ్చినదాంట్లో ఆ రేకులు లేవు. ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఒప్పుకోడు, నేనూ చెప్పడం మానలేదు.

చదువుతుంటే ఇంకోటి తట్టింది. పుంగనూరుకి కార్ల కంటే ఎక్కువ పేరు తెచ్చింది పొట్టి ఆవు. మూడడుగుల ఎత్తు, రోజుకి ఐదు కిలోల మేత చాలు, పాలు తక్కువైనా వెన్న ఎక్కువ. కరువు నేలకి అచ్చంగా సరిపోయే డిజైను. దాన్ని మనం ఏం చేశాం? పాలు చాలవని జెర్సీలూ హెచ్ఎఫ్‌లూ తెచ్చి ఇళ్ళల్లో కట్టుకున్నాం. పొట్టి ఆవు దాదాపు కనుమరుగై, పలమనేరులోని పశు పరిశోధనా కేంద్రం పుణ్యాన మిగిలింది. కార్ల దగ్గర కథ తిరగబడింది. పెద్ద మేత మేసే పడవలు పోయి, 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 దగ్గర్నుంచి పొట్టివే ఇంటింటా నిలిచాయి. ఇప్పుడు ఆ ఆవునీ ఈ పాత కారునీ ఇద్దరూ ఒకే రకం జనం లక్షలు పోసి కొంటున్నారు, గేటు ముందు కట్టేసి ఫొటోలు దిగడానికి. మా తమ్ముడు చెప్పిన గిరాకీ కూడా అదే గిరాకీ.

ప్యూజో సంగతి మర్చిపోలేదు. 2017లో అంబాసిడర్ అన్న పేరుని హిందుస్థాన్ మోటార్స్ 80 కోట్లకి అమ్మింది. కొన్నది ప్యూజో. 2021లో ఆ ప్యూజో, ఫియట్, క్రైస్లర్ కలిసి స్టెలాంటిస్ అయ్యాయి. అంటే ఐడా స్కడర్ మొదటి కారు, ప్రీమియర్ వాళ్ళ డాడ్జిలు, పద్మినికి తల్లి అయిన ఫియట్, మన అంబాసిడర్ పేరు అన్నీ ఒకే ఇంటి కిందికి చేరాయి. ఏ సినిమాలోనూ ఇన్ని తప్పిపోయిన బంధుత్వాలు కలవలేదు.

సరే, వారం అయింది. ఆదివారం నేనే ఫోన్ చేశాను. డబ్బు పంపిస్తానన్నాను. దాంతోపాటు షరతులు. యాభై ఏళ్ళు దాటింది కదా అని వింటేజి రిజిస్ట్రేషన్‌కి పోవద్దు, 2021 రూల్స్ ప్రకారం వాటిని బాడుగకు తిప్పకూడదు, మామూలు ఎఫ్‌సీయే చేయించు. ఆ స్టీరింగు రాడ్డు తీయించి మడుచుకునే రకం పెట్టగలిగే మెకానిక్ దొరికేదాకా పెయింటు మీద రూపాయి పెట్టొద్దు. గుడి నుంచి మండపం దాకా, నడక వేగంలో. రాత్రి తియ్యకూడదు. మొగిలి ఘాట్ ఎక్కకూడదు. ముందూ వెనకా బెల్టులుండాలి, పెళ్ళికొడుకైనా సరే పెట్టుకోవాల్సిందే.

అన్నిటికీ "సరేన్నా, సరేన్నా" అంటూ వచ్చినవాడు చివరిదాని దగ్గర ఆగాడు.

"బెల్టు పెడితే పూలమాల నలిగిపోతాది గదన్నా?"

"నలగనీరా" అన్నాను.